నిమ్మకాయల కాడి ఇన్సూరెన్స్ సారు

“అక్కా, ఇన్నేండ్లలో నాతో ఒక్క అబద్ధం గూడా చెప్పనిది నువ్వొక్కదానివే” అన్నడు ఇన్సూరెన్స్ సారు, కారు అద్దం దించి.

“ఎనక బస్సోడు హారన్ కొడుతుండు. పక్కకు తీయి సారూ” అన్న నేను.

గవే ఆఖరి మాటలు. కారు తీసిండు, పోయిండు. అది శనివారం. బుధవారం నాడు ఇంట్లనే గుండె ఆగి పోయిండట. మా చెల్లె బిడ్డ మౌనిక ఫోన్ చేసి చెప్పింది. అది ఆయన కంపెనీలనే పని చేస్తది. కోకాపేటల పదమూడో అంతస్తు, కార్లు గుద్దుకున్నోళ్లు ఫోన్ చేస్తే మాట్లాడే కాడ. అది ఫోన్ చేసినప్పుడు నేను నిమ్మకాయలు ఏరుతున్న. ఏరుడు ఆపలే. మెత్తవడ్డయి ఒక దిక్కు, గట్టియి ఒక దిక్కు ఏసిన. అమ్మేటివి అమ్మాలె గదా.

ఇప్పుడు కంపెనీ వాళ్లు కింద గోడ మీద ఆయన గురించి రాయిపిస్తుండ్రట. తెలిసినోళ్ల తోని చెప్పిచ్చుకొని తెమ్మన్నరట. గోడ మీద రాయియ్యాలన్నది ఆయన బతికున్నప్పటి ఆలోచననే, అందుట్ల నా ముచ్చట అన్నిటికంటె ముందుగాల పెట్టాలని అప్పుడే చెప్పిపెట్టిండు. ఆ శనివారం కారు ఆపింది గూడ అది చెప్పేటందుకే. అందుకే మౌనిక ల్యాప్‌టాప్ పెట్టుకొని నా ముందల కూసున్నది. నాకు సదువు రాదు. పేరు పెట్టొస్తది, గంతే. నేను చెప్త, అది కొడతది.

ఒక్క మాట ముందుగాలనే చెప్తున్న బిడ్డా. గోడ మీద ఎక్కియ్యాలనుకుంటున్న ముచ్చట తప్పు. ఆ తప్పు నాది. ఆయనకు నేనే చెప్పిన, ఆయన అదే నిజమనుకొని పోయిండు. అది వచ్చిన కాడ చెప్త. నీ నౌకరి మీదికి వస్తదో ఏమో నాకు తెల్వది. అయినా కొట్టు.

మనిషి పొట్టి. అంగీ ప్యాంట్ల దోపుకునెటోడు, కాళ్లకు మాత్రం రబ్బరు చెప్పులు. అరికాల్ల ఆనె ఉండె, బూటు ఏస్తే కుంటెటోడు. మాదాపూర్‌ల పొద్దుగాల అందరు మెడల కార్డులేసుకొని ఉరుకుతుంటరు, ఈయన టప్ టప్ అనుకుంట గుడికాడికి వచ్చెటోడు. చేతుల ఒక ప్లాస్టిక్ కవరు. అందుట్ల కాగితాలు, కాగితాల మీద బొరుగుల పొట్లం. బొరుగులంటే బొంగు ప్యాలాలే, ఆయనది కడప దిక్కు, గట్లనే అంటడు. మాట్లాడుకుంట ఒక్కొక్కటి నోట్ల ఏసుకునెటోడు. పిడికెడు ఏసుకోంగ ఎన్నడు చూడలే.

మా గుడి కొత్త కార్ల గుడి. మంగళారం, శనారం పొద్దుగాల కార్లు లైను కడతయి. పంతులు ముందట పసుపుతోని బొమ్మ గీస్తడు, కొబ్బరికాయ కొడతడు, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడతడు. కారు ముందుకు పోవాలె, నిమ్మకాయలు నలగాలె. అప్పుడే కారు ఇంటికి పోతది. ఆ నిమ్మకాయలు నాయి. గుమ్మడికాయలు, మిరపకాయ కుచ్చిన దండలు గూడ నాయే.

కారు కొన్న కాడనే మొదటి ఏడాదికి ఇన్సూరెన్స్ కాగితం ఇస్తరు. ఈయన ఆ ఏడాది కోసం వచ్చెటోడు కాదు, దాని తర్వాతి ఏడాది కోసం వచ్చెటోడు. పూజ అయినంక మెల్లగ పోయి, పేరు, ఫోన్ నంబరు, తారీఖు రాసుకునెటోడు. మళ్ల ఏడాది దగ్గరికి రాంగనే ఫోన్. “సార్, మీ కారుతో నిమ్మకాయలు తొక్కించి ఏడాది కావస్తాంది” అనెటోడు. అవతలోళ్లు నవ్వెటోళ్లు. నవ్వినోడు కాగితం కొంటడు అని ఆయన నమ్మకం. అట్ల వేరే కంపెనీల కాగితాలు అమ్మెటోడు, నా స్టూలు మీద కూసోని, నా బిందెల నీళ్లు తాగుకుంట. కిరాయి లేని దుకాణం. ఒకసారి నేనే అన్న, “సారూ, జాగా నాది, బేరం నీది. ఏంది ఈ కత?” అని.

“అక్కా, నీ నిమ్మకాయ ఒక్క పొద్దు కాపాడతాది. నాది ఏడాది కాపాడతాది. ఎవురిది గొప్ప?” అన్నడు.

“నాది గొప్ప. నా దాంట్ల కాగితం చదువుడు లేదు” అన్న.

దానికి మస్తు నవ్విండు. తర్వాత ఎందరికి చెప్పిండో ఆ మాట.

నమ్మకం లేదనెటోడు గని, నలిగిన నిమ్మకాయ మీద కాలు పెట్టకపోవు. చుట్టు తిరిగి పోయెటోడు. “భయమా సారూ?” అంటే, “భయం కాదు, చెప్పు జారతాది” అనెటోడు. ఎవలి కారైనా సరే, పక్క నుంచి పోతుంటే బంపర్‌ను చెయ్యి ఎనక దిక్కుతోని ఒత్తి చూసెటోడు, పిల్లగాండ్లకు జరం చూసినట్టు. సొట్ట తీసి రంగేసిన కాడ చెయ్యి ఆగెటిది. ఇంకో బొరుగు నోట్ల ఏసుకునెటోడు.

తర్వాత పైసలున్న పెద్దోళ్లను పట్టుకున్నడు, సర్కారు పర్మిషన్ తెచ్చుకున్నడు, సొంత కంపెనీ పెట్టిండు. అవన్ని ఎట్లయినయో నాకు తెల్వది. నాకు తెలిసింది గుమ్మడికాయల లెక్కనే. మొదట్ల మెస్సు మీద మూడు రూములుండె, ఆ దసరాకు ఒక్క గుమ్మడికాయ కొన్నడు. “దిష్టికి సైజేంది అక్కా” అని చిన్నది. పెద్ద బిల్డింగుల ఒక అంతస్తు తీసుకున్నంక మూడు. కోకాపేటకు పోయినంక ట్రాలీ ఆటో వచ్చెటిది. గని ఏరేటందుకు మాత్రం తానే వచ్చెటోడు. ఏలుతోని కొట్టి, చెవు పెట్టి ఇని, “ఇది నీళ్లు పట్టింది, పక్కన పెట్టు” అనెటోడు. అంత పెద్ద కంపెనీ, అయినా నిమ్మకాయలు డజను కొంటే ఒకటి కొసరు అడుగుడు బంద్ పెట్టలే.

ఆ కంపెనీ పెరిగింది ఒక్క ముచ్చట మీద. వేరే దగ్గర కారు గుద్దుకుంటే సర్వేయర్ అని ఒక మనిషి వచ్చి చూసి పోవాలె, కాగితాలు తిరగాలె, నెలలు పడతయి. ఈయన దగ్గర ఒకటి రెండు రోజులే. ఎట్లంటే, రోడ్డు మీద కూసునేటోళ్ల నంబర్లు రాసిపెట్టుకున్నడు. పంక్చర్ దుకాణపాయన, చాయ్ బండి ఆమె, అపార్టుమెంట్ల వాచ్‌మెన్లు, నేను. కారు యాడ గుద్దుకుంటే ఆడి మనిషికి ఫోన్. “ఏం జరిగింది? నువ్వు చూసింది చెప్పు, చాలు.” వాళ్లు చెప్పిందే రాసుకునెటోడు. కంపెనీ పిల్లలకు ఒక్కటే చెప్పెటోడు. “బండి గలాయన చెప్పేది ఇను. పక్కన కూసున్నోళ్లు చెప్పేది రాసుకో. అబద్ధం చెప్తే వాండ్లకు ఒరిగేదేముండాది?”

నాకు ఒరిగేది ఉండె. అది ఆయనకు తట్టలే.

మా ఆయన పచ్చకామెర్లతోని పోయిండు. మేస్త్రి పని. ఇప్పుడు అద్దాలు మెరుస్తున్న బిల్డింగులల్ల రెండు మూడింటికి ఆయన గోడలు కట్టిండు. అది వేరే ముచ్చట. నెల దినాలు ఇంట్ల కూసోని మళ్ల గుడికాడికొచ్చిన. బొట్టు లేదు, గాజులు లేవు. మొదటి శనారం నాడే తెలిసింది. కొత్త కారోళ్లు నా దాక వస్తరు, మొహం చూస్తరు, ఎదురుంగ పూలామె కాడికి పోతరు. ఆమె అప్పటిదాక పూలే అమ్మేది. నా బేరం చూసి నిమ్మకాయలు తెచ్చుడు షురూ చేసింది. ఆమెను ఏమంట? ఆమెకూ కడుపున్నది. పంతులు ఒకనాడు దగ్గరికొచ్చి, “నువ్వు కూరగాయలు పెట్టుకోరాదమ్మా, ఏ ఫికర్ ఉండదు” అన్నడు. మంచికే అన్నడు. ఇరవై ఏండ్ల సంది ఉన్న జాగా. అది పోతే నేను పోయేటందుకు ఇంకో జాగా లేదు.

గట్లున్నప్పుడు ఒక శనారం కూకట్‌పల్లి నుంచి ఒక కుటుంబం వచ్చింది. మొగడు, పెండ్లాం, మొగని తల్లి. ఆంధ్ర దిక్కోళ్లు, అండి అండి అంటరు. తెల్ల కారు. ఆ పిల్లగాడు సూడక నా దగ్గరనే నాలుగు నిమ్మకాయలు కొన్నడు. ముసలామె తర్వాత నా మొహం చూసింది గని అప్పటికే టైర్ల కింద పెట్టిండ్రు.

పూజ అయింది. పిల్లగాడు పెండ్లాన్ని స్టీరింగు కాడ కూసోబెట్టి ఫోన్ల ఫోటో దిగిపిచ్చిండు. ఆమె నవ్వుకుంట కూసున్నది, దిగింది. దిగి తలుపేస్తే చీర కొంగు తలుపుల ఇరికింది. “అమ్మా, కొంగు!” అని నేనే అరిచిన. గుంజుకున్నది. అప్పుడు పిల్లగాడు ఎక్కిండు. ఎక్కి తొక్కిండు. ఏం తొక్కిండో, నిమ్మకాయలు నాలుగు ఒక్కసారి పటపట పగిలినయి, కారు ఎగిరి గేటు స్తంభానికి గుద్దుకున్నది. పంతులు పళ్లెం ఇడిసిపెట్టి అరుగెక్కిండు. ఎవలికి దెబ్బ తాకలే. ఒక లైటు పోయింది, ముందు రేకు మడత వడ్డది, కింద నుంచి నీళ్లు కారినయి.

ముసలామె ముందు కొడుకును చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఎవరి చేతివి కొన్నావురా నువ్వు? చూసుకోవా? మొహాన బొట్టు లేని మనిషి దగ్గరా కొనేది!”

జనం ఉన్నరు. ఆ మాట అందరు ఇన్నరు. పూలామె గూడ ఇన్నది. పంతులు అరుగు దిగుకుంట నా దిక్కు చూడలే.

ఆ కారుకు కొన్న కాడ ఇచ్చింది ఈయన కంపెనీ కాగితమే. కంపెనీ పెట్టి ఏడాది కాలే అప్పటికి. పగటేళ తానే వచ్చిండు, చెప్పులేసుకొని. కారు కింద వంగి చూసిండు, బంపర్‌కు చెయ్యి పెట్టిండు. ఫోన్ల ఫోటో చూసిండు. ఫోటోల ఆమె స్టీరింగు కాడ ఉన్నది, టైరు కింద నిమ్మకాయ నలగకుంట ఉన్నది, అంటే కారు కదిలేటందుకు ముందు సీట్ల ఆమెనే. ఆమెకు లైసెన్స్ లేదు. లైసెన్స్ లేనోళ్లు తోలితే కాగితం పని చెయ్యదు.

“ఫోటో కోసం కూర్చుందండీ, అంతే. దిగాక నేనే ఎక్కాను” అన్నడు పిల్లగాడు.

ఈయన అది ఇన్నడు, రాసుకోలే. నా కాడికి వచ్చి స్టూలు మీద కూసున్నడు. పొట్లం తీసిండు.

“అక్కా, తోలింది ఎవురు?”

నాకు ఒక్క గడియ పట్టింది. పిల్లగాడు తోలిండంటే, లైసెన్స్ ఉన్నోడు, తోలుడు తెలిసినోడు తోలినా గుద్దుకున్నదంటే, తప్పు నా నిమ్మకాయలది. రేపటి సంది నా జాగ లేదు. తోలుడు రాని మనిషి తోలిందంటే నిమ్మకాయల మీదికి ఏం రాదు.

“ఆమెనే” అన్న.

గంతే. ఒక్క మాట. ఆయన నా మొహం దిక్కు గూడ చూడలే, కాగితం దిక్కు చూసి రాసుకున్నడు. సొట్టను చేత్తోని పట్టేటోడు. ఆ రోజు నన్ను ఒక్కసారి తేరిపార చూసుంటే పట్టుకునెటోడేమో. చూడలే.

ఆ పిల్ల అక్కడనే నిలబడ్డది. నా మాట ఇన్నది. తలుపుల నలిగిన కొంగును చేత్తోని సాపు చేసుకున్నది.

వాళ్లకు కంపెనీ పైసలియ్యలే. ఊర్ల “లైసెన్స్ లేని ఆమె తోలిందట, గుద్దిందట” అని పోయింది ముచ్చట. నిమ్మకాయల మాట ఎవలు ఎత్తలే. ఆ వచ్చే మంగళారం ఈయన వచ్చి, అందరి ముందల నా దగ్గర డజను కొన్నడు, ఒకటి కొసరు తీసుకున్నడు, “మా కంపెనీ నిమ్మకాయలు ఇంక ఈ అక్క దగ్గర్నే” అన్నడు. ఇన్సూరెన్స్ ఆయననే కొంటుంటే మనకేంది అని జనం మళ్ల నా దిక్కు వచ్చిండ్రు. నేను ఈ జాగలనే ఉన్న, ఇప్పటిదాక.

ఆ దసరాకు నన్ను ఆఫీసుకు పిలిచిండు. ల్యాప్‌టాప్‌లకు బొట్లు పెట్టిండ్రు, గుమ్మడికాయ కొట్టిండ్రు. “ఈమె మా మొదటి సర్వేయర్” అన్నడు నన్ను చూపెట్టి. “మొగుడు పోయి మూడు నెలలు కాలేదు. వాండ్లు ఇంత డబ్బు ఇస్తామన్నారు, అయినా అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పింది.” ఎవలు పైసలిస్త అనలే నాకు. అది ఆయన కలుపుకున్నడు. పిల్లలంతా చప్పట్లు కొట్టిండ్రు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డ. సిగ్గువడుతున్న అనుకున్నరు.

అప్పటి సంది కంపెనీల చేరినోళ్లకు మొదటి రోజు గదే చెప్తరు. మౌనిక చేరిన రోజు ఇంటికొచ్చి, “పెద్దమ్మా, ఆ నిమ్మకాయల అక్క నువ్వేనా!” అని నన్ను పట్టుకున్నది. “అన్నం తిను, సల్లగైతది” అన్న.

అంతకుముందు ఒక ముచ్చట అయింది. గుద్దుకున్న ఏడాదికి ఆ తెల్ల కారు పిల్ల వచ్చింది, ఒక్కతే. నేను మిరపకాయలు కుచ్చుతున్న.

“నన్ను గుర్తుపట్టారా అండి?”

“పట్టిన.”

“నా కొంగు ఇరుక్కుంటే మీరే చెప్పారు. నేను దిగడం మీరు చూశారు కదా.”

నేను ఇంకో మిరపకాయ సూదికి కుచ్చిన.

“కారు బాగుచేయించుకున్నామండి, దాని గురించి రాలేదు. మా ఆయన ఆఫీసూ, మీ సారు ఆఫీసూ ఒకటే బిల్డింగు. అబద్ధం చెప్పిన కారాయన అని ఆ లిఫ్టులో అందరికీ తెలిసిపోయింది. ఆయన ఇప్పుడు లిఫ్టు ఎక్కట్లేదు. ఐదంతస్తులు మెట్ల మీద వెళ్తున్నారు. సాయంత్రం మెట్ల మీదే దిగుతున్నారు. మీరు సారుతో ఒక్క మాట చెప్పండి, చాలు. మా అత్తగారు మిమ్మల్ని అన్నది తప్పే. నేను ఆవిడ తరఫున చెప్తున్నాను.”

“చెప్త” అన్న.

నాలుగు నిమ్మకాయలు కొన్నది పోయేటప్పుడు. ఎందుకు కొన్నదో. వద్దన్నా పైసలు పెట్టి పోయింది.

నేను చెప్పలే. మొదట్ల జాగ పోతదని భయం. తర్వాత మౌనిక నౌకరి. ఆ తర్వాత, ఇగ చెప్పేదేమున్నది, అది కంపెనీ ముచ్చట అయిపోయింది, నాది కాదు అనుకున్న. ఒక్కసారి మాత్రం దగ్గర దాక పోయిన. కోకాపేటకు పోయినంక గూడ ఎప్పుడన్న వచ్చి స్టూలు మీద కూసునెటోడు. తలకు రంగేసుకునుడు నేర్చిండు అప్పటికి, చెవుల పక్కకు నల్లగ అంటుకునేది. చెప్పులు మారలే.

“సారూ, పక్కన కూసున్నోళ్లు గూడ అబద్ధం చెప్తరు” అన్న.

“చెప్తారక్కా, ఎందుకు చెప్పరు. ఎంతమందిని పట్టుకోలేదు నేను! నువ్వు చెప్పవు” అన్నడు.

“ఎట్లెరుక?”

“నీకేం ఒరుగుతాది?”

అని పొట్లం నా దిక్కు జరిపిండు. ఒక బొరుగు తీసుకున్న. నమిలిన. ఆయన ఫోన్ మోగింది. “ముందు ఎవురికన్నా దెబ్బ తగిలిందా, అది చెప్పు” అనుకుంట లేచి పోయిండు. ఎవలు ఫోన్ చేసినా ముందుగాల గదే అడుగుతడు. అది మంచి గుణం. చెప్పాలె గదా.

చెడ్డ మనిషి కాదు ఆయన. మంచి మనిషి అని గూడ నేను చెప్పలేను. ఒక్కల మాట పట్టుకుంటే ఇడవని మనిషి. ఆ పట్టుదలతోనే కంపెనీ అంతగనం ఎదిగింది. ఆ పట్టుదలతోనే ఒక పిల్లగాడు మెట్లెక్కిండు. రెండింటిల నా చెయ్యి ఉన్నది.

ఇప్పుడు మౌనిక కొట్టుడు ఆపింది.

“పెద్దమ్మా, ఇది ఆఫీసుల ఇస్తే ఏమంటరో తెలుసా?”

“ఏమంటరు?”

“గోడ మీద పెట్టరు.”

“పెట్టకపోతే మానె. ఆ కూకట్‌పల్లోళ్లకు ఒక కాగితం పోవాలె, మీ కంపెనీ ముద్రతోని. ఆ పిల్లగాడు అబద్ధం చెప్పలే, నేను చెప్పిన అని రాసి. మీ పెద్దసార్లు ఇయ్యం అంటే నేనొచ్చి కింద గేటు కాడ కూసుంట. కూసునుడు నాకు కొత్త కాదు.”

“నా నౌకరి?”

నౌకరి పోదు అని చెప్తే ఇంకో అబద్ధం అయితది. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు బిడ్డా, నేను ఇంకోలతోని రాయిపిచ్చుకుంట. నిన్ను కోపం చెయ్య.

మౌనిక కండ్లు తుడుసుకొని మళ్ల కొడుతున్నది. అయితే కొట్టు, ఇది గూడ కొట్టు.

అయిపోయింది. ఇగ మొదటి నుంచి సదివి ఇనిపియ్యి. నాకు అక్షరాలు రావు గని ఏం చెప్పిన్నో ఎరుకే. ఆయన చెప్పులు, గుమ్మడికాయలు, అవి తొందరగ సదివినా ఏం కాదు. ఆమె దిగింది, పిల్లగాడు ఎక్కిండు అన్న కాడ మాత్రం నిదానంగ, గట్టిగ సదువు. ఊఁ, సదువు.